ఇక లేవదన్న బోర్డు

మా బందరు కోనేరు సెంటరు పక్క సందులో నా జిరాక్సు షాపు, దాన్ని ఆనుకుని హనోకు అన్నయ్య రిపేరు షాపు. షాపంటే మరీ ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక భూతద్దం దీపం, వేడి గాలి ఊదే మిషను, గోడకి తగిలించిన పాత మదర్‌బోర్డులు. ఇద్దరు లోపలికెళ్తే మూడోవాడు రోడ్డు మీద నిలబడాలి. అయినా అటు గుడివాడ నుంచీ ఇటు అవనిగడ్డ నుంచీ లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని జనం వస్తూనే ఉంటారు. పెద్ద పెద్ద సర్వీసు సెంటర్లలో "బోర్డు మొత్తం మార్చాలండీ" అని చేతులెత్తేసిన వాటిని ఈయన చింతగింజలో సగం ఉండే ఒక్క ముక్క మార్చి లేపి కూర్చోబెడతాడు.

ఆయన గురించి రాయాలని కొన్నాళ్ళుగా అనుకుంటున్నాను. రాస్తే చూస్తాడేమోనన్న భయం లేదు. హనోకు అన్నయ్య తెలుగులో బైబిలూ కరెంటు బిల్లూ తప్ప మూడోది చదవడు.

వాళ్ళది గూడూరు పక్క పల్లె. ఆయనకి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, నాయనమ్మ పట్టుబట్టి ఆ పేరు పెట్టించిందట. బైబిల్లో హనోకు చావు చూడకుండానే దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాడు కదా, మనవడికీ ఆ గండం తప్పాలని ఆవిడ ఆశ. "చావులేని పేరు పెట్టుకుని చచ్చిన బోర్డుల మధ్య కాపురమేంటన్నయ్యా" అని నేను ఏడిపిస్తుంటాను. ఉలకడు, పలకడు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు చేసి, గుడివాడలో దుర్గాశ్రీనివాస్ అనే ఆయన షాపులో పన్నెండేళ్ళు కంప్యూటర్లు బాగుచేసి, ఏడేళ్ళ క్రితం ఉన్నట్టుండి బందరు వచ్చేశాడు. ఎందుకొచ్చావంటే గుడివాడలో దోమలెక్కువన్నాడు. బందరులో కూర్చుని ఆ మాట అన్నవాడిని ఈయన్నొక్కడినే చూశాను.

ఇంకో సంగతి. ఈయన ఎవరికీ ఫోన్ చేయడు. పని పూర్తయినా, కాకపోయినా, షాపుల మధ్య ఉన్న రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "జెస్సీ, ఆ పెడన ఆయనకి కాస్త చెప్పమ్మా" అంటాడు. పైగా ఎలా చెప్పాలో కూడా నేర్పిస్తాడు. ముందు షాపు పేరు చెప్పాలి. తర్వాత "మీ లాప్‌టాప్ గురించి" అనాలి. అవతలి మనిషి "ఆఁ, చెప్పండి" అన్నాకే మిగతాది. ఒకసారి తొందరలో షాపు పేరు చెప్పకుండా మొదలుపెట్టానని నా చేతిలో ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. ఇంత పట్టింపు దేనికో అప్పుడు నాకు తెలియదు.

మొన్న జూన్‌లో ఒక మంగళవారం, జల్లు పడి ఆగాక, పదకొండు గంటలప్పుడు ఒకమ్మాయి నా షాపు మెట్లెక్కింది. ముప్పై లోపు ఉంటుంది. సంచిలోంచి ఒక చిన్న రసీదు తీసి, "జిరాక్సు తియ్యండి మేడం, అక్షరాలు చెరిగిపోతన్నాయి" అంది. రసీదు గుడివాడ షాపుది. నాగభూషణరావు అన్న పేరు, లాప్‌టాప్, పవర్ రావడం లేదు, కింద రెండు ఫోన్ నంబర్లు. రాత హనోకు అన్నయ్యదే. ఆయన రాతలో సగం అక్షరాలకి తలకట్లుండవు.

ఆ అమ్మాయి పేరు పూర్ణిమ. మోపిదేవి దగ్గర ఊరు. ఏడేళ్ళ క్రితం గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతుండగా ఆమె లాప్‌టాప్ ఆగిపోతే, నాన్న తీసుకెళ్ళి గుడివాడలో రిపేరుకి ఇచ్చాడు. ఆ వారమే అమ్మకి విజయవాడలో ఆపరేషను. ఆ వారమే నాన్న యాక్సిడెంట్‌లో చనిపోయాడు. ఇక లాప్‌టాప్ ఎవరికి గుర్తుంటుంది? పోయిన నెలలో పొలం పాస్‌బుక్ అట్టలో ఈ రసీదు దొరికింది. గుడివాడ వెళ్తే షాపు మూసేసి ఉంది. దుర్గాశ్రీనివాస్‌ని పట్టుకుంటే, ఎవరూ తీసుకెళ్ళని వస్తువులు కొన్ని హనోకు బందరు పట్టుకెళ్ళాడని చెప్పాడు.

పక్క షాపుకి తీసుకెళ్ళాను. హనోకు అన్నయ్య రసీదు చేతిలోకి తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. వంగి, బల్ల అడుగు సొరుగు లాగి, తెల్ల గుడ్డలో చుట్టిన లాప్‌టాప్ తీసి పైన పెట్టాడు. ఏడేళ్ళ నాటి వస్తువుని వెతుక్కోకుండా తీసే రిపేరు మనిషి ఎక్కడైనా ఉంటాడా? నాకు అక్కడే ఏదో తేడాగా అనిపించింది.

"మా నాన్న వీడియోలు ఇందులో ఉన్నాయండీ" అంది పూర్ణిమ. "ఫోన్ నిండిపోయినప్పుడల్లా నా లాప్‌టాప్‌లోకి ఎక్కించేవారు. తీసేది ఆయనే కాబట్టి ఆయన కనపడరు. మాటొక్కటే వినపడుద్ది. అమ్మకి ఆ మాట ఒక్కసారి వినిపించాలండీ. ఈ మోడల్లో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుందంట కదా, బోర్డు లేస్తేనే గానీ రావన్నారు. లేస్తదంటారా?"

"రేపు మధ్యాహ్నం రామ్మా" అన్నాడాయన, బల్ల వైపు చూస్తూ.

ఆ అమ్మాయి వెళ్ళిన ఐదు నిమిషాలకి పట్టపగలు షట్టరు సగం దించిన చప్పుడైంది. నాకు ఊరుకునే గుణం లేదు. వంగి లోపలికి దూరాను. హనోకు అన్నయ్య ఆ లాప్‌టాప్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ముఖంలో రక్తం లేదు.

"బీపీ బిళ్ళ వేసుకున్నావా?" అన్నాను.

"వాళ్ళ నాన్నని చంపింది నేనే జెస్సీ" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది ఇది.

ఆ రోజు గుడివాడ షాపులో పదకొండు లాప్‌టాప్‌లు బల్ల మీద పేరుకుపోయాయి. బాగయ్యేవేవో, కానివేవో తేల్చి అందరికీ ఫోన్లు చేయమన్నాడు యజమాని. నాగభూషణరావు గారి లాప్‌టాప్ బోర్డులో కరెంటు లోపలికి వదిలే చోట మాస్‌ఫెట్ అని ఒక ముక్క ఉంటుంది. చార్జరు నుంచి వచ్చే పంతొమ్మిది వోల్టుల్ని అది కొంచెం కొంచెంగా లోపలికి వదలాలి. అది కాలి, తలుపు తెరుచుకుపోయినట్టు అయితే పంతొమ్మిదీ ఒకేసారి ప్రాసెసర్ మీద పడతాయి. ప్రాసెసర్ కాలితే బోర్డు పనైపోయినట్టే. ఈయన మీటరు పెట్టి చూస్తే షార్టుందన్నట్టు బీప్ అని ఆగకుండా మోగింది. ఆ ముక్క తీసి చూస్తేగానీ ప్రాసెసర్ బతికుందో లేదో తెలియదు. తీసి చూసే తీరిక లేక, కాలిపోయే ఉంటుందనుకున్నాడు. వరసగా ఫోన్లు చేసుకుంటూ ఆరో మనిషిగా ఆయనకి చేశాడు. అప్పటికి షాపు పేరు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చెప్పడం మానేశాడు.

"నాగభూషణరావు గారాండీ? లాభం లేదండీ. చేయాల్సిందంతా చేశాం. పోయిందండీ. ఇక లేవదు. మీరొకసారి వచ్చి తీసుకెళ్ళండి."

అదే సమయానికి విజయవాడలో ఆయన భార్య రత్నకుమారి ఆపరేషను బల్ల మీద ఉంది. పూర్ణిమ ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఉంది. నాగభూషణరావు గారు బట్టల కోసం ఇంటికొచ్చి, తిరిగి బయల్దేరబోతూ ఫోన్ ఎత్తాడు.

నాకు ముందు కోపం వచ్చింది మన భాష మీద. మగవాడైతే పోయాడు. ఆడమనిషి పోయినా పోయింది, లాప్‌టాప్ పోయినా పోయింది. వాడికొక్కడికే వేరే మాట, మనకీ సామానుకీ కలిపి ఒకటి. పదిహేనేళ్ళుగా డీటీపీ చేస్తూ ఎన్ని వేల పేజీలు కొట్టానో, ఈ సంగతి ఒక్కరోజూ తట్టలేదు. మర్యాద తెలిసిన ఆస్పత్రివాళ్ళయితే "పోయారండీ" అని ఉండేవాళ్ళే. కానీ పెళ్ళాం ఆపరేషను బల్ల మీద ఉన్నవాడు వ్యాకరణం చూసుకుంటాడా?

"తర్వాత రెండ్రోజులకి తీరిక దొరికి ఆ ముక్క పీకి చూశాను" అన్నాడు హనోకు అన్నయ్య. "బీప్ ఆగిపోయింది. మిగతా బోర్డంతా శుభ్రంగా ఉంది. పాపం ఆయన సంతోషిస్తాడు గదా అని వెంటనే ఫోన్ చేశాను. కలవలేదు. రసీదు మీద రెండో నంబరుంటే దానికి చేశాను. అప్పారావని, ఆయన బావమరిదంట, ఎత్తాడు. బావ పోయాడండీ అన్నాడు. ఎవడో ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి అక్క పోయిందన్నాడంట. 'మీ అక్క పోయిందంట్రా' అని అరుచుకుంటా బండెక్కాడంట. కరకట్ట మీద ఆగున్న ట్రాక్టర్‌కి కొట్టేశాడంట. అక్క బతికే ఉందండీ, మీరెవరండీ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"రాంగ్ నంబరండీ అన్నాను."

బయట ఆటోలు హారన్లు కొట్టుకుంటున్నాయి. ఆయన లాప్‌టాప్ మీద గుడ్డ సర్దుతున్నాడు.

"ఆవిడ పోలేదు. బోర్డూ పోలేదు. నేను పోయిందన్నవేవీ పోలేదు జెస్సీ. ఆయనొక్కడే పోయాడు."

ఆ వారంలోనే గుడివాడ వదిలేశాడట. ఆ బోర్డు అక్కడ వదిలెయ్యలేక వెంట తెచ్చుకున్నాడు. బాగుచేయడానికి చేతులు రాలేదు. ఏడేళ్ళుగా రోజూ దాని మీదే బల్ల వేసుకుని పనిచేస్తున్నాడు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం రోజున, తప్పు దాచుకున్నవాడు వాటిని తీసుకోకూడదనే ఈయన వెనక బెంచీలోంచి లేవడని అప్పుడర్థమైంది. అందరం మోకాళ్ళ నొప్పి అనుకునేవాళ్ళం.

"రేపు చెప్పేస్తాను" అన్నాడు.

"నోరు మూసుకుని బాగుచేసి ఇచ్చెయ్" అన్నాను నేను. గట్టిగానే అన్నాను. "నువ్వు చెప్తే నీ బరువు దిగుద్ది. అది ఆ పిల్ల నెత్తికెక్కుద్ది. ఆస్పత్రివాళ్ళు తప్పు చేశారనుకుని ఎట్టాగో బతుకుతున్నారు. ఇప్పుడెళ్ళి, కాదమ్మా, లాప్‌టాప్ గురించి అన్న మాటకి మీ నాన్న పోయాడు అంటావా? విన్నవాళ్ళు ఎట్టా తట్టుకుంటారు?"

అలాగేలే అన్నట్టు తలూపాడు. నా తెలివికి నేనే సంతోషించి వచ్చి జిరాక్సులు తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బోర్డు బయటికి తీశాడు. నేను బేరాలు వదిలేసి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. భూతద్దం కింద ముక్క పీకేసిన చోటు ఖాళీగా, మసి పట్టి కనపడింది. పాత టంకం రాగి జాలీతో తుడిచాడు. గోడ మీదున్న ఇంకో బోర్డులోంచి అదే రకం మాస్‌ఫెట్ ఊడదీసి, మీటరుతో నాలుగుసార్లు చూసుకున్నాడు. పట్టకారుతో దాన్ని ఖాళీ చోట పెట్టబోతే పక్కకి జారింది. వెంట్రుకంత తీగలు అతికించే చెయ్యి అది. రెండోసారీ జారింది.

"ప్రార్థన చేద్దామా అన్నయ్యా?" అన్నాను.

"ముందు ఆ ఫ్యాన్ ఆపు" అన్నాడు.

ఫ్యాన్ ఆపాను. మూడోసారి ముక్క నిలిచింది. జిగురులాంటి ఫ్లక్స్ రాసి వేడి గాలి తిప్పుతుంటే పొగ లేచింది. టంకం కరిగిన క్షణాన ఆ ముక్క చిన్నగా కదిలి తనంతట తానే గడిలోకి సర్దుకుంది. చల్లారనిచ్చి మీటరు పెట్టాడు. మోగలేదు. చార్జరు నేరుగా పెట్టకుండా, కరెంటు కొలిచి వదిలే డబ్బాకి కలిపి, అంకెల వైపు చూస్తూ ఊపిరి బిగబట్టాడు. అంకెలు కొంచెం పైకెళ్ళి నిలబడ్డాయి. బటన్ నొక్కాడు. లోపలి చిన్న ఫ్యాను తిరిగింది. తెర మీద వెలుగొచ్చింది.

తెర మీద పసుపు కళ్ళంలో నిలబడ్డ ఒకావిడ, పక్కన రెండు జడల పూర్ణిమ. హనోకు అన్నయ్య వెంటనే మూత దించేశాడు. బాగుచేసినవాడు కస్టమరు వస్తువులు తెరిచి చూడకూడదని ఆయన నియమం. కానీ ఆ దించడం నియమం కోసం కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నం పూర్ణిమ ముందు నా షాపుకే వచ్చింది. లాప్‌టాప్ లేచిందని చెప్పగానే అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. మంచినీళ్ళిచ్చాను. ఏడుపు ఆగాక, అడక్కుండానే అమ్మ సంగతి చెప్పింది.

"మా అమ్మ ఏడేళ్ళ నుంచి ఫోన్ ముట్టుకోదండీ. మోగితే చాలు, చెవులు మూసుకుని పెరట్లోకెళ్ళిపోద్ది. ఆస్పత్రి నుంచి మేం చేయలేదని వాళ్ళు ఒట్టేసి చెప్పారు. అప్పటి నుంచి అమ్మకొకటే పట్టుకుంది. అది మనిషి చేసిన ఫోన్ కాదంట. తన కోసమే వచ్చిన పిలుపంట. ఆ రోజు తనే పోవాలంట. ఆయన అడ్డమెళ్ళి తన బదులు పోయారంట. మళ్ళీ ఎప్పుడో తన కోసం చేస్తారంట. మంచి చీర కొంటే కట్టుకోదు, ఎవరిదో ఆయుష్షు వాడుకుంటన్నా, నాకెందుకే ఇవన్నీ అంటది."

ముందురోజు నేనిచ్చిన సలహా గుర్తొచ్చింది. ఆ పిల్లని కూర్చోబెట్టి, పక్క షాపుకెళ్ళి, విన్నదంతా హనోకు అన్నయ్యకి చెప్పాను.

"నిన్న నేను తప్పు చెప్పాను. నువ్వు చెప్పాల్సిందే. ఆ పిల్లకి కాదు, ఆవిడకి."

ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. పూర్ణిమతో, బోర్డు కొత్తగా లేచింది కాబట్టి దగ్గరుండి ఒకసారి ఇంట్లో పెట్టి చూస్తానని చెప్పాడు. నేనూ షట్టరేశాను. ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కాం. దారి పొడుగునా ఆయన ఒళ్ళో లాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాడు, సీటు ఖాళీగా ఉన్నా పక్కన పెట్టలేదు.

రత్నకుమారి గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. వసారాలో మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. పూర్ణిమ లాప్‌టాప్ తెరిచి వెతికి ఒక వీడియో పెట్టింది. కళ్ళంలో ఆవిడ పసుపు కొమ్ములు ఎండలో పరుస్తున్నారు. తీసేవాడి నీడ నేల మీద పడుతోంది. మాట వినపడింది.

"రత్నా, ఇటు తిరుగు. తిరగవే. అబ్బ, కొంచెం నవ్వితే నీ సొమ్మేం పోద్ది?"

రత్నకుమారి గారు చెంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ మాట వినగానే హనోకు అన్నయ్య కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నవన్నీ పక్కకి పోయాయి.

"ఆ ఫోన్ చేసింది నేనేనమ్మా" అన్నాడు. "ఈ లాప్‌టాప్ గురించి చేశాను. మీ గురించి కాదు."

పూర్ణిమ లేచి నిలబడింది. "ఏంటి? ఏమన్నారు?" అంది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. గుడివాడ, పదకొండు లాప్‌టాప్‌లు, షాపు పేరు చెప్పకపోవడం, రాంగ్ నంబరు అనడం, ఏదీ దాచలేదు. పూర్ణిమ మీదికి రాబోయింది. "నేను ఆస్పత్రి నుంచి నలభై సార్లు చేశాను నాన్నకి! అమ్మ కళ్ళు తెరిచింది నాన్నా అని చెప్పడానికి! బండి మీద ఉండి ఎత్తలేదు! మీరు ఏడేళ్ళు..." అంటుంటే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ రోజు ఏమన్నారో అదే చెప్పండి" అన్నారు రత్నకుమారి గారు. "ఒక్క మాట మార్చొద్దు."

హనోకు అన్నయ్య నేల చూపులు చూస్తూ చెప్పాడు. లాభం లేదండీ. చేయాల్సిందంతా చేశాం. పోయిందండీ. ఇక లేవదు. మీరొకసారి వచ్చి తీసుకెళ్ళండి. ఆవిడ ప్రతి మాటకీ లాప్‌టాప్ వంక చూశారు. చివరికి వేలితో దాని అంచు తాకారు.

"దీన్ని గురించా" అన్నారు. "దీన్నా తీసుకెళ్ళమన్నది." వేలు తియ్యకుండానే, "అయితే నన్నెవరూ పిలవలేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఎక్కడో తప్పిపోయి, ఇంటి దారి గుర్తుపట్టిన మనిషి గొంతులా ఉంది.

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక లేద్దామనుకున్నాను. అప్పుడావిడ అడిగారు.

"మీరు అన్నది చెప్పారు. మరి ఆయనేమన్నారు?"

హనోకు అన్నయ్య తలెత్తలేదు. నాక్కూడా చెప్పని సంగతి ఒకటుందని అప్పుడు తెలిసింది.

"చెప్పండి. ఆయన చివరి మాట విన్నది మీరొక్కరే."

"కాసేపు మాట్లాడలేదమ్మా. తర్వాత, చివర్లో ఏమన్నా బాధపడిందాండీ, అని అడిగారు." లాప్‌టాప్ వైపు చూపించాడు. "ఆయనేదో సరదా మనిషనుకున్నానమ్మా. లాప్‌టాప్ బాధపడిందా అని అడుగుతున్నాడనుకున్నా. నేనూ సరదాగా, లేదండీ, తెలిసేలోపే అయిపోయింది అన్నాను. అని..."

"అని?"

"నవ్వానమ్మా. పెద్దగా నవ్వాను."

పూర్ణిమ గోడ వైపు తిరిగి నిలబడింది. రత్నకుమారి గారు కొంగుతో ముఖం తుడుచుకుని, మంచినీళ్ళ చెంబు హనోకు అన్నయ్య ముందుకి జరిపారు.

"నేను బాధపడలేదనుకునే వెళ్ళారు. అది చాలు నాకు" అన్నారు. "మీ నవ్వు ఆయన వినలేదులెండి. ఆయనది మహా తొందర. కావాల్సిన మాట చెవిలో పడగానే ఫోన్ పెట్టేసేవారు. నాతోనూ అంతే, చెప్తుండగానే టక్కున కట్టయిపోయేది. లేదన్న మాట విని పెట్టేసి ఉంటారు. మీరు నవ్వింది ఉత్త ఫోన్‌లోకి."

హనోకు అన్నయ్య రెండు చేతులూ జోడించి, అక్కడే నేల మీద వంగిపోయి ఏడ్చాడు. యాభై మూడేళ్ళ మనిషి అలా ఏడవడం నేను చూడలేకపోయాను.

బయటికొచ్చాక ఆయన రోడ్డు వైపు నడిచాడు. గేటు దగ్గర పూర్ణిమ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళలో కోపం అలాగే ఉంది. గొంతు మాత్రం తగ్గించింది.

"మా నాన్న ఎప్పుడూ ముందు ఫోన్ పెట్టరండీ. అవతలివాళ్ళు పెట్టేదాకా చెవి దగ్గరే ఉంచుకునేవారు. మధ్యలో పెడితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. బిల్లు అయిపోద్దని అమ్మే తిట్టేది."

"మరి మీ అమ్మగారు..."

"అమ్మ చెప్పింది మీరు విన్నారు. నేను చెప్పింది కూడా విన్నారు. ఆయనకి ఏది చెప్తారో మీ ఇష్టం" అని గేటు వేసుకుని లోపలికెళ్ళిపోయింది.

మోపిదేవిలో బస్సు దొరికింది. టికెట్లు తీసుకుని కూర్చున్నాక హనోకు అన్నయ్య నా వైపు తిరిగాడు.

"ఆవిడ అన్నది నిజమే అంటావా జెస్సీ? పెట్టేసి ఉంటారా?"

"పెట్టేసే ఉంటారన్నయ్యా. ఆయనకి ఫోన్‌లో నిలకడ లేదంట. గేటు దగ్గర పూర్ణిమ కూడా అదే చెప్పింది."

"పూర్ణిమ కూడా చెప్పిందా?"

"చెప్పింది."

ఆయన కిటికీకి తలానించి, చల్లపల్లి రాకముందే నిద్రపోయాడు. నేను మాత్రం బందరు వచ్చేదాకా, ఆ నవ్వు ఆగేవరకూ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డ మనిషిని తలుచుకుంటూ కూర్చున్నాను.